పన్నెండు వేల ఫోనా, పందొమ్మిది వేల ఫోనా? బాగా వాడాక చెప్తున్న మాట

మా ఇంట్లో ఒకే ఏడు కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లు రెండున్నాయి. ఒకటి దాదాపు పన్నెండు వేలది: ఎల్‌సీడీ స్క్రీన్, 6000 ఎంఏహెచ్ బ్యాటరీ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్. రెండోది పందొమ్మిది వేల చిల్లర: అమోలెడ్ స్క్రీన్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 6 జీబీ ర్యామ్, 128 జీబీ యూఎఫ్‌ఎస్ 2.2 స్టోరేజ్. ఎల్‌సీడీ, అమోలెడ్ అనేవి స్క్రీన్‌లో రెండు రకాలు; ఈఎంఎంసీ, యూఎఫ్‌ఎస్ అనేవి ఫొటోలు, యాప్‌లు దాచే చిప్‌లో రెండు రకాలు. మొదటిది మా ఆవిడది, రెండోది నాది. మోడల్ పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఆ రెండూ ఇప్పుడు షాపుల్లో దొరకవు. కానీ ఇవే కొలతలతో, వెనక డిజైన్ మార్చి, కొత్త నంబర్ తగిలించిన ఫోన్లు ప్రతి దసరాకీ దిగుతూనే ఉన్నాయి. ఈ ధరల్లో కొనేవాళ్లు తేల్చుకోవాల్సింది ఎక్కువగా ఈ రెండు రకాల మధ్యే.

నాది డ్రిప్పు పైపుల పని. నల్గొండ నుంచి హాలియా, పెద్దవూర, దేవరకొండ వైపు బత్తాయి తోటల్లో తిరుగుడు. మా ఆవిడ అంగన్‌వాడీ టీచర్. కాబట్టి ఒక ఫోను ఎండలో, ఇంకొకటి నీడలో బతికాయి. పోల్చేటప్పుడు ఆ తేడా మనసులో పెట్టుకోండి.

ముందు స్క్రీన్ సంగతి. షాపులో ఏసీ కింద రెండూ బాగానే కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో, ఎండ 44 దాటిన మధ్యాహ్నం తోట గట్టున నిలబడి చూస్తే అసలు తేడా తెలుస్తుంది. ఎల్‌సీడీ ఫోన్లో బ్రైట్‌నెస్ చివరిదాకా జరిపినా, చేత్తో నీడ పట్టి, తల వంచి చదవాల్సిందే. అమోలెడ్‌లో నంబర్లు, మ్యాపు తేటగా కనిపిస్తాయి. ఇక్కడ ఒక కిటుకుంది. ఇలాంటి ఫోన్లు ఎండలో అదనపు వెలుగు ఇచ్చేది ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉన్నప్పుడే. బ్యాటరీ మిగులుతుందని దాన్ని ఆపేసి, "ఏందే అన్నా, ఎండల ఏం కనవడ్తలేదు" అని ఫోన్‌ని తిట్టేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఇంకో సంగతి: ఆ అదనపు వెలుగు ఎంతోసేపు ఉండదు. జియోట్యాగ్ ఫొటోలు (ఏ చోట తీసిందీ నమోదయ్యేవి) తీస్తూ, హాట్‌స్పాట్ ఆన్ చేసి పెడితే ఫోన్ కాగుతుంది, కాసేపటికి స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది. ఫోన్ తనను తాను కాపాడుకుంటోంది, రిపేరు కాదు. చెట్టు కింద పెట్టి ఐదు నిమిషాలు ఆగితే సర్దుకుంటుంది.

ఇంత మెచ్చుకున్న ఈ స్క్రీన్ మీదే, వారంటీ అయిపోయాక, ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత నిలువుగా గులాబీ గీత పడింది. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. సర్వీస్ సెంటర్‌లో డిస్‌ప్లే మార్చడానికి చెప్పిన రేటు కొన్న ధరలో సగానికి దగ్గరగా ఉంది. గీత ఒక పక్కగా ఉందని అలాగే వాడుతున్నాను. మా ఆవిడ ఫోను రెండుసార్లు పగిలింది. ఇక్కడే క్లాక్ టవర్ దగ్గర, రెండు వేల లోపే, అదే రోజు సాయంత్రానికి కొత్త ఎల్‌సీడీ వేసి ఇచ్చారు. ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. పందొమ్మిది వేల ఫోన్ ఖర్చు పందొమ్మిది వేలతో ఆగదు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది, షాపులో ఎవరూ నోరెత్తనిది: స్టోరేజ్ రకం. మా బామ్మర్ది ఫోన్ కొనబోతూ, "బావా, గా కెమెరా ఎన్ని మెగాపిక్సెల్?" అని అడుగుతాడు గానీ, అది ఈఎంఎంసీనా, యూఎఫ్‌ఎస్సా అని అడగడు. ఈఎంఎంసీలో ఒకసారికి డేటా చదవడమో, రాయడమో ఏదో ఒకటే జరుగుతుంది. యూఎఫ్‌ఎస్‌లో రెండూ కలిపి సాగుతాయి, వేగం కూడా మూడు నాలుగు రెట్లు ఉంటుంది. కొత్తలో ఈ తేడా తెలియదు. మొదటి ఏడాది రెండు ఫోన్లూ సమానంగానే నడిచాయి. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే శుభోదయాలు, పెళ్లి వీడియోలు, కొత్త కొత్త యాప్ అప్‌డేట్లు కలిసి 64 జీబీని నింపేశాయి. అప్పటినుంచి మా ఆవిడ పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీ యాప్ తెరిచి, పిల్లల వివరాలు ఎక్కించేలోపు ఫోన్ బిగుసుకుపోవడం మొదలైంది. పక్కన అదే యాప్, అదే నెట్‌తో, నా ఫోన్లో చకచకా తెరుచుకుంటుంది. ఆమె ఫోన్ బ్యాటరీ ఇంకా గట్టిగానే ఉంది, బాడీ బాగానే ఉంది, కానీ ఫోన్ మాత్రం ముసలిదైపోయింది. నెలాఖరులో ఆమె టెన్షన్ చూస్తే, ఈ ఒక్క కారణానికే ఇంకో రెండు మూడు వేలు పెట్టి ఉండొచ్చనిపిస్తుంది.

వర్చువల్ ర్యామ్ అని డబ్బా మీద "4+4 జీబీ" అని రాస్తారే, దాని మాయలో పడొద్దు. అది స్టోరేజ్‌లో కొంత జాగాని ర్యామ్‌లా వాడుకోవడం. స్టోరేజే నెమ్మదిదైతే దానివల్ల ఒరిగేది తక్కువ. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపేశాక మా ఆవిడ ఫోన్ కాస్త నయమైంది.

బ్యాటరీ విషయంలో చవక ఫోన్‌దే గెలుపు. 6000 ఎంఏహెచ్ అంటే ఇప్పటికీ రోజంతా నిశ్చింత. నింపడానికి మాత్రం 18 వాట్ల చార్జర్‌తో రెండున్నర గంటల పైనే. నా 33 వాట్లది గంటా గంటంపావులో నిండుతుంది గానీ సాయంత్రానికి మళ్లీ అడుగుతుంది. వేడికి లిథియం బ్యాటరీ తొందరగా అరుగుతుంది. బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి, ఎండలో మ్యాప్ నడుపుతూ చార్జింగ్ కూడా పెట్టేవాళ్లు ఏడాదిన్నరకే బ్యాటరీ పోయిందని ఏడిస్తే ఫోన్ ఏం చేస్తుంది?

కెమెరా గురించి ఎక్కువ రాయను. రెండింటిలోనూ 50 మెగాపిక్సెల్ అని రాసి ఉంది. మామూలుగా తీస్తే నాలుగు పిక్సెళ్లు ఒకటిగా కలిసి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫొటోనే వస్తుంది. 2 మెగాపిక్సెల్ మాక్రో (బాగా దగ్గరి నుంచి తీసేది), డెప్త్ (వెనక భాగం మసక చేయడానికి వాడేది) అనేవి సంఖ్య కోసం పెట్టిన కళ్లు. ఆకు మీద పురుగు ఫొటో తీసి వ్యవసాయ విస్తరణ అధికారికి పంపాలంటే మాక్రో ముట్టకుండా, అసలు కెమెరాతో కొంచెం దూరం నుంచి తీసి కత్తిరించి పంపండి, స్పష్టంగా ఉంటుంది. రాత్రి ఫొటోల్లో నాదే బాగు.

వేలిముద్ర దగ్గర నాకు నా ఫోన్ మీదే కోపం. స్క్రీన్ కింద సెన్సర్ చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. పైపులు కోసి, మట్టి అంటి, గీతలు అరిగిన వేలికి, అందులోనూ ఎదురెండలో, అది తలుపు తీయదు. పక్క బటన్‌లో ఉన్న పాత పద్ధతి సెన్సర్ అలాంటి వేలినీ ఎక్కువసార్లు గుర్తుపడుతుంది. చేతిపని చేసేవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

సిగ్నల్‌కి ఫోన్ కంటే సిమ్ ముఖ్యం. శ్రీశైలం పోతూ మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక రెండు ఫోన్లూ ఒకేలా మూగబోయాయి. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి కాల్ కూడా 4జీ లేదా 5జీ మీదే వెళ్లాలి. నా దాంట్లో 5జీ ఉంది, మా ఆవిడ దాంట్లో లేదు. నల్గొండ టౌన్‌లో సినిమా డౌన్‌లోడ్‌కి తప్ప తోటల్లో ఆ తేడా నాకు పెద్దగా అక్కరకు రాలేదు. మందపాటి గోడల ఇళ్లవాళ్లకి 5జీ కన్నా వైఫై కాలింగ్ ఎక్కువ పనికొస్తుంది. అది రెండింటిలోనూ ఉంది.

ఇప్పుడు కొనమంటే ఏది కొంటాను? బయట తిరిగే పనికి మళ్లీ అమోలెడ్డే, కానీ డిస్‌ప్లే గీతలకి ఎన్నేళ్ల వారంటీ ఉందో ముందే అడిగి, పక్క బటన్ సెన్సర్ ఉన్నదే తీసుకుంటాను. ఇంట్లో, అంగన్‌వాడీ సెంటర్లో వాడేదైతే ఎల్‌సీడీ చాలు. యూఎఫ్‌ఎస్, 128 జీబీ, 6 జీబీ ర్యామ్ మాత్రం తగ్గొద్దు.

మా బామ్మర్ది ఇదంతా విని, "గట్లయితే సెకండ్ హ్యాండ్ల మంచిది చూస్త బావా" అన్నాడు. చూడు, తప్పులేదు. డబ్బులిచ్చే ముందు ఆ ఫోన్లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ పంపు. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లోనూ చూడొచ్చు. బ్లాక్ లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో జవాబు వస్తే, ఎంత చవగ్గా ఇస్తానన్నా ఆ ఫోన్ తీసుకోకు.