ఇటుక ఇంటికి బయట చేయించిన పనులు: ఏడేళ్లకు ఏది నిలిచింది, ఏది రాలింది

మా ఇల్లు నల్గొండలో, పానగల్ పోయే దారి వైపు. నాన్న 1994లో కట్టించారు. తొమ్మిది అంగుళాల గోడలు, బట్టీ ఇటుక. లోపల గిలాబు (ప్లాస్టరింగ్) పూర్తయింది గానీ బయటికి వచ్చేసరికి పైసలు అయిపోయాయి, వచ్చే ఏడు చూద్దాం అనుకున్న పని అట్లాగే ఉండిపోయింది. 2009లో చెల్లి పెళ్లికి అందరూ చేయించినట్టే ఇటుకల మీద ఎర్ర రంగు కొట్టించి దర్జుల (ఇటుకల మధ్య సందుల) మీద తెల్ల గీతలు గీయించాం. పెళ్లి ఫోటోల్లో చాలా బాగుంది. మూడో వానాకాలానికి పొట్టు లేచి, గోకితే రంగుతో పాటు ఇటుక పొడి కూడా చేతికొచ్చేది. 2018 సంక్రాంతి తర్వాత తూర్పు గోడ తప్ప మిగతాది మార్పించాం, మూడు చోట్ల మూడు రకాలుగా. ఇప్పటికి ఏడేళ్లు దాటింది కాబట్టి ఏది ఎట్లుందో రాస్తున్నా. కొత్తలో అన్నీ బాగుంటాయి, అప్పుడు రాసిన మాటలతో ఎవరికీ లాభం లేదు.

అన్నింటికన్నా ముందు ఒక్క మాట. బయట ఏం వేయాలా అని డిజైన్లు చూసే ముందు గోడకు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడండి. మా ఇంట్లో పాడైన ప్రతి పని వెనక నీళ్లే ఉన్నాయి. సజ్జాల కింద గాడి లేక వాన నీళ్లు వెనక్కి తిరిగి గోడ మీదికే వచ్చేవి. డాబా మీది నీటి గొట్టాలు గోడకు నాలుగు అంగుళాలు కూడా బయటికి లేవు. పిట్టగోడ పైన ఏమీ కప్పలేదు. ఇవి మూడూ సరిచేయడానికి, అంటే పిట్టగోడ మీద రెండు అంగుళాలు బయటికి వచ్చేట్టు షాబాదు బండలు పరచడం, పైపులు కిందిదాకా దించడం, సజ్జాల అంచుకు గాడి తీయడం, అన్నింటికీ కలిపి 22 వేలు అయింది. వీటి తేడా ఎవరి కంటికీ కనపడదు, కానీ మొత్తం ఖర్చులో నాకు బాగా ఉపయోగపడింది ఇదే.

ముందు గోడ ఇటుకలు అట్లాగే కనపడేట్టు ఉంచుదామని నేను, గిలాబు చేసి రంగు వేయాలని అమ్మ. "ఇటుకలు కనపడ్తె పైసల్లేక ఆపిన్రు అనుకుంటర్రా" అనేది. ఆ మాటలో పాతికేళ్ల బాధ ఉంది, అందుకే పడమటి గోడ ఆమె ఇష్టానికి వదిలేశాం.

ముందు గోడకు అన్నింటికన్నా కష్టమైంది పాత ఎర్ర రంగు తీయడం. మొదటి రోజు వచ్చిన పనివాడు గ్రైండర్ పెట్టాడు, నేను వెళ్లి ఆపేలోగా పది పన్నెండు ఇటుకల పై పొర పోయింది. బట్టీలో కాలి గట్టిపడేది ఆ పై పొరే, అది పోతే లోపలిది మెత్తగా స్పంజిలా నీళ్లు పీలుస్తుంది. గేటు పక్కన ఆ ఇటుకలు ఇప్పటికీ వాన పడ్డాక రెండు రోజులు నల్లగా కనపడతాయి, చుట్టూ ఉన్నవి పూట తిరిగేలోపు ఆరిపోతాయి. తర్వాత వైర్ బ్రష్, రంగు తీసే మందు పెట్టి చేత్తోనే తీయించాను. పదకొండు రోజులు పట్టింది. యాసిడ్ పోస్తే ఒక్క రోజులో అయిపోతుందన్నారు, ఇంటి వెనక ఒక మూల పోసి చూస్తే ఇటుక బాగానే ఉంది గానీ మధ్యలో సిమెంటు తినేసింది, ఇసుక రాలింది. వద్దన్నాను. కడగడానికి బోరు నీళ్లు కూడా వాడలేదు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్ల పొర కడుతుంది, గోడకూ అంతే. మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు డ్రమ్ముల్లో పట్టి కడిగించాం.

దర్జుల సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇక్కడే చాలామంది తొందరపడతారు. మేకుతో గీస్తే దర్జుల్లోని పాత మాలు (సిమెంటు ఇసుక కలిపినది) ఇసుకలా జారిపోయింది. ముప్పావు అంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, తడిపి కొత్త మాలు నింపాలి, దీన్నే పాయింటింగ్ అంటారు. మేస్త్రి మహబూబ్‌నగర్ వైపు మనిషి, పనిలో ఓపిక ఉన్నవాడు, ముందు సిమెంటు ఎక్కువ కలిపి గట్టిగా కొడదాం అన్నాడు. పాత ఇటుక కన్నా మాలు గట్టిగా ఉంటే చెమ్మ దర్జులోంచి బయటికి పోలేక ఇటుకలోంచే పోతుంది, ఉప్పు కూడా అక్కడే చేరి ఇటుక అంచులు రాలతాయి. అందుకని ఒక వంతు సిమెంటు, ఒక వంతు సున్నం, ఆరు వంతులు ఇసుక పెట్టించాను. ఏడేళ్లలో ముందు గోడ మొత్తం మీద రెండు చోట్ల మాత్రమే సన్నగా విడిచింది.

అది ఆరాక మెరుపు లేని, లోపలికి ఇంకే నీటి నిరోధక మందు, సిలేన్ సిలోక్సేన్ రకం. గోడ నాలుగు వందల చదరపు అడుగులు, రెండు పూతలకు ఇరవై లీటర్ల డబ్బా దాదాపు అయిపోయింది. మొదటి కోటు ఆరకముందే రెండోది వేయాలి, కింది నుంచి పైకి. రంగు ఏమీ మారదు, వేసిన రోజు అమ్మ "ఏం ఏసినట్టురా ఇది" అంది. స్టీలు చెంబుతో నీళ్లు కొట్టి చూపించాను, చామాకు మీద పడ్డట్టు గుండ్లు గుండ్లుగా జారిపోయాయి. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయి కదా, ఆ వారం ముందు గదిలో లోపలి గోడకు చెమ్మ రాలేదు, అంతకుముందు మామూలు వానకే క్యాలెండర్ వెనక తడి అయ్యేది. 2024లో చెంబు పరీక్ష మళ్లీ చేస్తే కింది మూడు అడుగుల్లో నీళ్లు ఇంకుతున్నాయి, అక్కడికి మళ్లీ వేయించాను. పైన ఇంకా పనిచేస్తోంది.

ఇదే మందు అనుకుని గేటు స్తంభాలకు వేరేది వేశాం, షాపులో "మెరుపు వస్తది సార్" అని ఇచ్చారు. అది పైన పొర కట్టే లక్క లాంటిది. రెండో ఎండాకాలానికి పసుపు తిరిగి, లోపలి చెమ్మ బయటికి రాలేక పొర కింద తెల్లబారింది. కొనేటప్పుడు పొర కట్టేదా, ఇంకిపోయేదా అని గట్టిగా అడగండి.

పడమటి గోడ గిలాబు. ఒక వంతు సిమెంటుకు నాలుగు వంతులు ఇసుక, రెండు పొరలు. పని మార్చి చివరికి జరిగింది, ఎండ ముదిరింది, క్యూరింగ్, అంటే గోడకు నీళ్లు కొట్టడం, పొద్దున సాయంత్రం చేశాం గానీ మధ్యాహ్నానికి గోడ పొయ్యి పెనంలా అయ్యేది. వెంట్రుక మందం పగుళ్లు వచ్చాయి. నెల ఆగి లప్పం, ప్రైమర్, రెండు పూతల బయటి రంగు. మూడేళ్లకు సాయంత్రం ఎండ తగిలే చోట వెలిసింది, 2023లో మళ్లీ వేయించాం, 38 వేలు. అయినా ఈ గోడకు గిలాబు తప్పు అని నేను అనను. మా దగ్గర వానగాలి ఎక్కువగా పడమటి నుంచే కొడుతుంది, ఆ గోడ ఇటుకలు మెత్తబడి ఉన్నాయి. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకల్లోంచి ఒకటి కిరాణా తూకంలో పెట్టి చూశా: పొడిగా 2.9 కిలోలు, ఒక రోజంతా నీళ్లలో నానబెడితే 3.4. అంటే 17 శాతం. ఇటుకలకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం మామూలు ఇటుకకు 20 శాతం దాటకూడదు. ముందు గోడ ఇటుకా ఇదే రకం, అందుకే దాన్ని గిలాబు లేకుండా వదలడానికి ధైర్యం చేశాను. మీ ఇటుక 20 దాటినా, గోరుతో గీస్తే రాలినా గిలాబుకే వెళ్లండి.

బాగా నష్టపోయింది మాత్రం కింది భాగంలో. గోడ అడుగున రెండు అడుగుల దాకా ఎప్పుడూ చెమ్మే, తెల్లగా దూదిలా ఉప్పు పేలేది. దాన్ని కప్పేయాలని మూడు అడుగుల ఎత్తు వరకు ఎలివేషన్ టైల్స్ అంటించాం. 2021కి చూస్తే టైల్స్ పైన నాలుగో అడుగులో తెల్ల గీత. చెమ్మ పోలేదు, దారి మూసేసరికి పైకి ఎక్కింది. తర్వాత అర్థమైంది, వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెరిగింది, అమ్మ పూల మొక్కల మట్టి కూడా గోడకు ఆనుకుని ఉంది, చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పట్టీ మట్టిలో పూడిపోయింది. 2022లో టైల్స్ పగలగొట్టించి, గోడ పక్కన అడుగున్నర వెడల్పున మట్టి తీసి కంకర నింపి, నీళ్లు కాలువకు పోయేట్టు వాలు పెట్టించాను. ఒక ఎండాకాలం గోడను ఉత్తగా వదిలేసి, తర్వాత సున్నం ఇసుక గిలాబు. అది రెండేళ్లకోసారి కొంచెం రాలుతుంది, మళ్లీ వేసుకోవాలి, అది రాలితే ఇటుక రాలదు. టైల్స్‌కు పెట్టిన 27 వేలు పోయాయి, బాధ ఇంకా ఉంది.

తూర్పు గోడ ఇంకా 2009 నాటి ఎర్ర రంగుతోనే ఉంది. అదే మేస్త్రి సంక్రాంతి దాటాక వస్తానన్నాడు. ఈసారి గోడ పక్కన మట్టి తీసే పని ముందు, మొక్కలు కుండీల్లోకి మార్చడానికి అమ్మ ఒప్పుకుంది. పాత ఇటుకలు పదకొండు మిగిలాయి, గేటు పక్కన గ్రైండర్ తగిలినవి తీసి వాటి చోట పెట్టిస్తా.