నడుం బెల్టు: నాకు పనికొచ్చింది, నాన్నకి రాలేదు

బరంపురం బడా బజారులో ఒక మందుల షాపులో 650 రూపాయలకి కొన్నాను. సాగే గుడ్డ, వీపు వైపు నిలువుగా గట్టి పట్టీలు, ముందు వెల్క్రో. రోజూ కట్టి విప్పుతున్నా పట్టు వదల్లేదు. ఎండాకాలం చెమటకి ఒళ్లు దురద పెడుతుంది, పల్చటి బనీను మీద కట్టుకోవాలి. ప్యాంటు సైజు చెప్పి కొనకండి, టేపుతో నడుం చుట్టూ కొలిపించుకోండి. వస్తువుకి వంక పెట్టను.

ఎవరికి పనికొస్తుందన్నదే అసలు సంగతి. మాది పట్టుచీరలు నేసే ఇల్లు, గుంట మగ్గం. నాకూ నాన్నకీ ఇద్దరికీ నడుం నొప్పి, ఇద్దరికీ కాళ్లలోకి దిగుతుంది. కానీ జబ్బులు వేరు.

నాది డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండేది, జారడం. నడుములో వెన్నుపూసలు ఐదు. నాలుగుకీ ఐదుకీ మధ్యన, ఐదుకీ దాని కింద ఉండే త్రికాస్థి అనే ఎముకకీ మధ్యన ఉండే డిస్కులే ఎక్కువగా జారతాయి. జారినది నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు పాకినట్టు ఉంటుంది. దగ్గితే, తుమ్మితే ప్రాణం పోతుంది. వంగి కూర్చుంటే మరీను, మగ్గం పనంతా వంగడమే కదా! లేచి నాలుగడుగులు నడిస్తే తెరిపి.

నాన్నకి సరిగ్గా తిరగేసి. 70 దాటాయి. గుంటలో కాళ్లు పెట్టి వంగి కూర్చున్నారంటే పూటంతా నేస్తారు, నొప్పి అనరు. అదే బజారుకి నడిస్తే వీధి చివరికి చేరేసరికి రెండు కాళ్లూ బరువెక్కి తిమ్మిరెక్కుతాయి. ఏదో ఒక అరుగు మీద కూలబడాలి. కూర్చోగానే సర్దుకుంటుంది. సైకిలు మీదైతే హాయిగా వెళ్లొస్తారు. వయసుతో పాటు నరాలు దిగే దారి ఇరుకైపోవడం ఇది, స్టెనోసిస్ అంటారు. ముందుకి వంగితే ఆ దారి కాస్త వెడల్పవుతుంది, నిటారుగా నిలబడితే ఇరుకవుతుంది.

ఈ బెల్టు చేసే పని మనిషిని వంగనివ్వకపోవడం. అందుకే నాకు మేలు చేసింది. నాన్నకి కడితే తిమ్మిరి ఇంకా ముందే మొదలైంది, ఆయన విప్పి పక్కన పడేశారు. చూసి బాధేసింది గానీ ఆయన చేసిందే సబబు.

నేనైనా నేతకి కూర్చున్నప్పుడే కడతాను, పడుకునేటప్పుడు విప్పేస్తాను. అదేపనిగా దాని మీదే ఆధారపడితే నడుం కండరాలు బలం తగ్గుతాయని ఫిజియోథెరపీ ఆవిడ గట్టిగా చెప్పింది. ఆవిడ నేర్పిన వ్యాయామాల వల్లే ఎక్కువ గుణం కనిపించింది. జారిన డిస్కు చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది, రోజుల తరబడి మంచం పట్టక్కర్లేదు.

కుర్రాళ్లకి తెల్లారి లేవగానే నడుం బిగుసుకుపోయి, పనిలో పడ్డాక వదులైతే అది కీళ్లవాతం జాతి నొప్పి కావచ్చు. దానికి బెల్టు మందు కాదు, కీళ్లవాతం డాక్టరుకి చూపించాలి.

ఇక మూత్రం రాకుండా బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా షాపుల వైపు వెళ్లొద్దు. అర్ధరాత్రైనా సరే, బరంపురం ఎం.కె.సి.జి. లాంటి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఇలాంటప్పుడు ఆలస్యమైతే నరం మళ్లీ కోలుకోకపోవచ్చు.