మాగాణికి ఏది మేలు: దిబ్బ ఎరువా, గొర్రెల మందా, జీలుగా?

కోత మిషన్ వెళ్లాక చేలో మిగిలిన గడ్డికి నిప్పు పెట్టడం మా నెల్లూరు జిల్లా కోవూరు వైపు మామూలైపోయింది. నేలకు దక్కాల్సిన తిండి పొగైపోతుంది. మళ్లీ నాట్లకు ముందు దమ్ము చేసే నాటికి మనమే యూరియా బస్తాలు మోసుకొస్తాం. ఆ నేలకు తిరిగి ఏం పెట్టాలన్నదే నా ఆలోచన.

బాగా మాగిన దిబ్బ ఎరువు గొప్పదే. కానీ టన్నుకు నత్రజని 5 కిలోలకు అటూ ఇటూనే. ఎకరానికి నాలుగైదు టన్నులు తోలాలి. ఇంట్లో గేదెల్లేనివాళ్లకు ట్రాక్టర్ బాడుగే బరువు.

మా నాయన కాలంలో వేసవిలో మంద కట్టించేవాళ్లు. గొర్రెలు రాత్రంతా చేలో పడుకుంటే పెంటికలతోపాటు మూత్రమూ నేలలోకే పోతుంది. దాని బలం ఆ పైరు పచ్చదనంలోనే కనపడేది. అయితే తెల్లారాక ఎండకు వదిలేయకుండా దున్నాలి, లేకపోతే నత్రజని గాలికి పోతుంది. కాయలు తిన్న జీవాల వల్ల సర్కారు తుమ్మ మొలకలూ వస్తాయి, చిన్నప్పుడే పీకేయాలి. ఉదయగిరి మెట్టల్లో ఉంటే నేను మందకే ఓటేస్తాను.

మాగాణికి మాత్రం జీలుగే మేలంటాను. పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు ఇది. ఎకరానికి 12 కిలోల విత్తనం చాలు. మొక్క పీకి వేళ్లు చూడండి, బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. ఏపుగా పెరిగితే బస్తా యూరియాకు తగ్గని నత్రజని వస్తుంది. యూరియా ఇవ్వలేని సేంద్రియ పదార్థం కూడా నేలకు చేరుతుంది. విడవలూరు వైపు చౌడు నేలల్లోనూ జీలుగ తట్టుకుంటుంది, అందుకే మరో పచ్చిరొట్ట పైరైన జనుము కన్నా దీన్నే ముందు చెప్తాను. పూత మొదలవగానే, 45–50 రోజులకు, కలియదున్ని నీళ్లు నిలపాలి. ఆలస్యమైతే కాడ ముదిరి త్వరగా కుళ్లదు, నాట్లప్పుడు కాళ్లకు అడ్డం.

చిక్కల్లా ఎడగారుతోనే, అంటే రెండో పంటతోనే. అది కూడా వేస్తే జీలుగకు అన్ని రోజులు దొరకవు. అలాంటివాళ్లు కోతకూ దమ్ముకూ మధ్య నాలుగు రాత్రులైనా మంద కట్టించండి, గడ్డి తగలబెట్టకుండా దున్నేయండి. మేం ఈసారి ఎడగారు మానుకున్నాం. ఆగస్టు వానకు జీలుగ చల్లితే, పెన్నా కాలువలకు నీళ్లొచ్చే నాటికి అది దున్నడానికి సిద్ధంగా ఉంటుంది.