పీపాలో ఉండగా కొనాలా, పదేళ్లు నిలిచిన సీసా కొనాలా?

లండన్‌లో మనవాళ్లు ఎవరైనా ఫ్రాన్స్‌లోని బోర్డో రెడ్ వైన్ మీద డబ్బు పెట్టాలనుకుంటే ముందు విమర్శకులిచ్చే మార్కుల సంగతే ఎత్తుతారు. "100కి 98 వచ్చాయట అన్నా, తీసేసుకోనా?" అంటారు. నేను మాత్రం ఆ వైన్ ఇప్పుడు ఎక్కడుందో చెప్పమంటాను, పీపాలోనా సీసాలోనా అని.

పీపా బేరాన్ని ఎన్ ప్రిమ్యూర్ అంటారు. ద్రాక్ష కోసిన మరుసటి వసంతంలో, వైన్ ఇంకా ఓక్ పీపాల్లో ఉండగానే డబ్బు కట్టేస్తాం. సీసాలు గోదాంకి చేరడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. మామిడి తోటను పూత మీద కొనడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అయితే పూత మీద అమ్మే రైతు ధర తగ్గించి ఇస్తాడు, ఎందుకంటే గాలివాన భయం కొన్నవాడి నెత్తిన పడుతుంది. బోర్డోలో ఆ తగ్గింపే కరిగిపోయింది. నా అభ్యంతరమంతా అక్కడే.

తగ్గింపు ఉన్న రోజుల్లో ఈ బేరం బాగానే పండింది. 1982 పంటను అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ నెత్తికెత్తుకున్నప్పుడు పీపా దశలో కొన్నవాళ్లు గట్టిగా సంపాదించారు. 2008 పంట ఆర్థిక సంక్షోభం నడుమ చవగ్గా విడుదలైంది. ఆ ఏడాది సీసాల మీద చైనా వాళ్లకి అచ్చొచ్చిన ఎనిమిది అంకె ఉంటుందని 2010 అక్టోబరులో బోర్డోలోని పేరుమోసిన ఎస్టేట్ లాఫీట్ ప్రకటించేసరికి ధర ఎగిరింది. అదే వేడిలో 2009, 2010 పంటలు కళ్లు తిరిగే ధరలతో వచ్చాయి. 2011 సగం దాటాక చైనా గిరాకీ చల్లబడి మార్కెట్ జారింది.

ఆ ఏడాదే నేను 2010 పంటలో బోర్డోలోని సాన్ జూలియాన్ ఊరి వైన్ ఒక పెట్టె, 12 సీసాలు, కొన్నాను. పదేళ్ల తర్వాత బేరం పెడితే నేను కట్టినదానికి కాస్త అటూ ఇటూగా పలికింది. గోదాం అద్దె, బీమా, అమ్మిపెట్టినవాళ్ల కమీషన్ తీసేస్తే నష్టమే మిగిలింది. వైన్ మాత్రం అద్భుతమైనది, ఆ మాట ఇప్పటికీ అంటాను. నేను కొన్న ధరలోనే రాబోయే పదేళ్ల లాభం కూడా కలిసిపోయి ఉంది.

సీసాలో పదేళ్లు నిలిచిన వైన్‌కి ఈ చీకటి ఉండదు. పీపా దశలో విమర్శకులు 96-98 అంటూ అంచనాగా మార్కులిస్తారు, సీసాలో పడ్డాక మళ్లీ రుచి చూసి ఖరారు చేస్తారు. పదేళ్లకి ఆ మార్కు నిలిచిందో లేదో తేలిపోతుంది. ఏ ఏడాది ఎంతకి చేతులు మారిందో లివ్-ఎక్స్ అనే వైన్ ఎక్స్చేంజి లెక్కల్లో కనిపిస్తుంది. ఈలోగా కొందరు తాగేస్తుంటారు కాబట్టి మిగిలిన సీసాలు ఏటా తగ్గుతుంటాయి.

దీనికున్న అసలు చిక్కు నిల్వ. ఒకే ఎస్టేట్, ఒకే ఏడాది సీసాలు రెండు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. చల్లగా, తేమగా, కదలకుండా ఉన్న సీసాలో వైన్ మెడ లోపలి దాకా ఉంటుంది. వేడి తగిలినదాంట్లో భుజం దగ్గరికి దిగిపోతుంది, బిరడా పక్కన ఎండిన వైన్ చార కూడా కనిపించవచ్చు. ముప్పై ఏళ్ల సీసాలో మట్టం భుజం పైఅంచుకి దిగితే సర్దుకోవచ్చు. పదేళ్లదాంట్లో దిగితే ముట్టుకోవద్దు. నకిలీల భయం కూడా చిన్నది కాదు, అమెరికాలో నకిలీ వైన్ అమ్మిన రూడీ కుర్నియావాన్ మీద 2013లో నేరం రుజువైంది పాత సీసాల పేరుతో చేసిన మోసాలకే. అందుకే మొదటినుంచీ కస్టమ్స్ పర్యవేక్షణలో ఉండే బాండెడ్ గోదాంలోనే, మేకులు ఊడదీయని చెక్కపెట్టెలో ఉన్న సరుకు అయితేనే కొంటాను. అలాంటిదానికి సుంకం, వ్యాట్ కూడా అప్పుడే కట్టక్కర్లేదు.

ఈ నిల్వ చరిత్రకి ఎంత విలువుందో బోర్డోలోనే ఉన్న లటూర్ ఎస్టేట్ వాళ్లకి తెలుసు. 2012లో ఎన్ ప్రిమ్యూర్ నుంచి తప్పుకున్నారు. అప్పటినుంచి తమ నేలమాళిగలోనే ఉంచి, తయారైందనుకున్నాకే అమ్ముతున్నారు.

ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతమైన బర్గండీ సంగతి వేరు. అక్కడి రొమానే-కోంటీ తోట రెండు హెక్టార్లు కూడా ఉండదు, దాని 1945 సీసా ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. జీతం డబ్బులతో అటు వెళ్లొద్దు.

పాత సీసా అయినా భరోసా పథకం కాదు. 2022 చివరినుంచి ధరలు బాగా పడ్డాయి, పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బైతేనే పెట్టండి. హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి ఒక మాట: ఇంటికి తెప్పించుకుంటే సుంకం మింగేస్తుంది, పైగా లైసెన్సు లేకుండా మద్యం అమ్మకూడదు.

పీపా బేరాన్ని నేను పూర్తిగా వదిలెయ్యలేదు. కొత్త పంట ధర రాగానే అదే ఎస్టేట్‌లో దాదాపు అదే మార్కులున్న పదేళ్ల పంట ధర పక్కన పెట్టి చూస్తాను. కొత్తది కనీసం ఐదోవంతు తక్కువుంటేనే కొంటాను, అదీ గోదాంలో పెట్టె నా పేరున రాయిస్తామని వ్యాపారి కాగితం మీద ఇస్తేనే. ఆ వ్యాపారి దివాలా తీస్తే అప్పులవాళ్ల వరసలో నిలబడకుండా కాపాడేది ఆ కాగితమే.