కొరాపుట్ చలిలో డీజిల్ పికప్: ప్లగ్ పాయింట్ ఉన్న బస కోసం ఐదు రోజులు

లాడ్జిలో దిగేవాళ్లు ముందుగా అడిగేది వేడినీళ్లు వస్తాయా అని. ఈ జనవరిలో కొరాపుట్ జిల్లాలో తిరిగిన ఐదు రోజులూ నేను అడిగింది వేరు: "బండి ఆపే చోట మూడు రంధ్రాల ప్లగ్ ఉందా? దానికి ఎర్త్ ఉందా?" ఒక మేనేజరు జాలిగా చూసి, "ఫోను చార్జింగుకైతే గదిలోనే రెండున్నాయి సార్" అన్నాడు.

మాది విజయనగరం, నర్సరీ వ్యాపారం. మొక్కలు మోసే డబుల్ క్యాబిన్ పికప్‌కు పదకొండేళ్లు. చలికాలంలో కొండెక్కితే పొద్దున్నే మొరాయించడం దానికి అలవాటు. ఈ మాట ఎడ్మంటన్‌లో ఉండే మా బావమరిది చెవిన పడింది. అక్కడ జనవరిలో మైనస్ 30 కూడా వింత కాదు. ఇళ్ల ముందు, ఆఫీసు పార్కింగుల్లో బళ్ల కోసమే ప్లగ్ స్తంభాలు ఉంటాయి; పశువును గుంజకు కట్టేసినట్టు రాత్రి బండిని తీగతో ఆ స్తంభానికి కట్టేసి పడుకుంటారు. తీగ రెండో కొన ఇంజన్ బ్లాకులోకి పోతుంది. అక్కడ ఒక చిన్న హీటరు కూలెంట్‌ను, అంటే ఇంజన్‌లో తిరిగే నీళ్లను, వెచ్చగా ఉంచుతుంది. బకెట్‌లో వేసే నీళ్ల హీటరుకు తమ్ముడనుకోండి. "మీ బండి కొలత చెప్పు బావా, పంపిస్తాను" అన్నాడు. బ్లాకు పక్కనున్న ఇనప బిళ్ల, అదే మెకానిక్కులు కోర్ ప్లగ్ అనేది, హీటరు కూర్చునేది దాని స్థానంలోనే. దాని వ్యాసం కొలిచి చెప్పాను. ఓల్టేజీ సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

"ఇంట్లో మనకే గీజరు లేదు, బండికి హీటరా?" అంది మా ఆవిడ. నాలుగు నెలలు ఆ డబ్బా సీటు కిందే ఉండిపోయింది.

గురువారం మధ్యాహ్నం సాలూరు దాటి 26వ నంబరు జాతీయ రహదారిలో ఘాట్ ఎక్కాం. సుంకి దగ్గర టీ తాగడం తప్ప ఎక్కడా ఆగలేదు. రోడ్డు బాగుంది, మలుపుల్లో లారీలకు దారి ఇచ్చే ఓపిక ఉంటే చాలు. పొట్టంగి దాటాక గాలి మారింది. సాయంత్రానికి దేవ్‌మాలి కింద ఒక గుడారాల శిబిరానికి చేరాం.

దేవ్‌మాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. పైన చెట్లు పెద్దగా ఉండవు. గడ్డి, గాలి, కింద కొండల మధ్య నిలిచిన మంచు, అంతే. ఆ అంతే కోసం మళ్లీ వెళ్తాను. శిబిరం కోసం మాత్రం వెళ్లను. జనరేటరు రాత్రి పదింటికి ఆపేశారు. దుప్పట్లు పలచన, వేడినీళ్లు పొద్దున ఎనిమిది తరువాతే. ఆ డబ్బుకు ఒక్క మంచి సంగతి, వంటావిడ పోసిచ్చిన రాగి జావ. సెమిలిగుడలో పడుకుని తెల్లవారుజామున బండిలో పైకి వెళ్లి సూర్యోదయం చూసి దిగిపోవడమే మేలు.

అయితే తెల్లవారుజామున బండి కదిలితేనే కదా. శుక్రవారం ఐదున్నరకు మీటరులో బయటి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు. తాళం తిప్పితే ఇంజన్ బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగింది, వెనక నుంచి తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన. మూడోసారికి తిరగడమూ మానేసింది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. ఇనుమంతా గడ్డకట్టినట్టుంటే ఆ వేడిని అదే మింగేస్తుంది. ఆయిలు చిక్కబడి ఇంజన్ తిరగదు, అదే సమయంలో బ్యాటరీ బలమూ తగ్గుతుంది. కష్టాలన్నీ కలిసే వస్తాయన్నమాట. చివరకు శిబిరం కుర్రాళ్లు ఆరుగురు వాలులోకి తోశారు. రెండో గేరులో క్లచ్ వదిలితే దగ్గుతూ లేచింది. సూర్యుడు అప్పటికే మూరెడు పైకి వచ్చేశాడు.

ఇంజన్ ఆపే ధైర్యం లేక కుందులి సంతకు అలాగే వెళ్లాం. శుక్రవారం సంత అది. కొండ మీది ఊళ్ల నుంచి అల్లం, పసుపు, చిక్కుళ్లు, కోళ్లు తలల మీదా కావిళ్ల మీదా దిగుతాయి. విజయనగరం, విశాఖ వ్యాపారుల బళ్లు వరసగా ఉంటాయి కాబట్టి తెలుగుతో ఇబ్బందే లేదు. మా ఆవిడ అల్లం బేరమాడుతుంటే నేను నడుస్తున్న ఇంజన్‌కు కాపలా కాశాను. తొమ్మిదిలోపు వెళితేనే సంత సంతలా ఉంటుంది.

ఆ రాత్రి సెమిలిగుడలో ఒక లాడ్జి. యజమాని తెలుగాయన, మర్యాదస్తుడు. గదులు చిన్నవైనా శుభ్రంగా ఉన్నాయి, కిందనే ఇడ్లీ దొరుకుతుంది. ముఖ్యంగా ఆవరణలో, వాచ్‌మన్ గది గోడకు, ఎర్త్ ఉన్న ప్లగ్ పాయింట్ ఉంది. హీటరు ఇంకా డబ్బాలోనే ఉంది కాబట్టి దాన్ని చూసి ఆనందించడమే అయింది. "అది నీళ్ల మోటారుకు వేయించాను, మీరు వాడుకోండి" అన్నాడాయన. శనివారం రాత్రికి మళ్లీ వస్తామని గది చెప్పి, పొద్దున అక్కడి లారీ డ్రైవరు ఒకాయన బ్యాటరీ కలిపి స్టార్టు చేసిస్తే జయపురం దిగాం.

జయపురం మెకానిక్ డెబ్బైకి దగ్గర పడిన మనిషి. పుట్టింది సాలూరు, నలభై ఏళ్లుగా ఇక్కడే. నేను గర్వంగా డబ్బా చేతిలో పెడితే పక్కన పెట్టి, ముందు బానెట్ ఎత్తాడు. ఒక్కో హీటర్ ప్లగ్ తీగ విప్పి మీటరు పెట్టాడు. నాలుగింటిలో రెండు చచ్చిపోయాయి. సిలిండరు లోపలి గాలిని కొన్ని క్షణాల్లో వేడెక్కించే సన్నటి కడ్డీలివి. తాళం తిప్పగానే మీటరులో వెలిగే చుట్టల గుర్తు వీటిదే. బ్యాటరీ పోళ్ల మీద పచ్చటి బూజు కూడా చూపించాడు.

"ఈ రెండూ మార్చి, బ్యాటరీ మార్చితే చాలు బాబూ. మన చలికి ఆ విదేశీ సరుకు అక్కర్లేదు."

"తెచ్చుకున్నాను కదా మేస్త్రీ గారూ, బిగించండి."

ఆయన నవ్వి డబ్బా తెరిచాడు. కళ్లజోడు ముక్కు చివరకు జార్చి చీటీ చదివాడు. 120 ఓల్టులు, 750 వాట్లు. మన 230 ఓల్టుల కరెంటుకు తగిలిస్తే ఓల్టేజీ దాదాపు రెట్టింపు, వాట్లు మాత్రం నాలుగింతలకు కొంచెం తక్కువ, అంటే 2,700 పైచిలుకు. హీటరు కాలిపోవడమో, తీగ అంటుకోవడమో ఖాయం. రాత్రి ఆ గోడకు నేనే తగిలించి ఉంటే మర్యాదస్తుడైన ఆ యజమానికి మొహం ఎలా చూపించేవాణ్ణో.

దారి కూడా మేస్త్రీయే చెప్పాడు. కట్టడం పనుల దగ్గర 110 ఓల్టుల పనిముట్లకు వాడే, ఓల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఊళ్లోనే దొరికింది, 4,200 రూపాయలు, పన్నెండు కిలోల బరువు. 110 ఓల్టుల మీద ఆ హీటరు 630 వాట్లే ఇస్తుంది, మాకు అదే ఎక్కువ. ఊరికే వచ్చిన వస్తువుకు పెట్టిన ఖర్చు గురించి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఇంజన్ చల్లారాలంటే రెండు గంటలు. ఆలోపు ఊరు చూశాం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చిన మహారాజా విక్రమదేవ వర్మ ఈ ఊరి రాజే. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే ఉంది. కోట గోడ పక్కన ఉప్మా, అల్లం చట్నీ తిని తిరిగొచ్చాం.

బిగింపును దగ్గరుండి చూశాను. రేడియేటరు కింద బేసిన్ పెట్టి కూలెంట్ దించాడు. బిళ్ల అంచు మీద ఉలి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బిళ్ల లోపల పడిపోకుండా, గుమ్మంలో తలుపు తిరిగినట్టు అడ్డంగా తిరిగింది. పట్టకారుతో పట్టి లాగితే తుప్పునీళ్లు ఒక గ్లాసెడు కారాయి. రంధ్రం అంచును ఎమిరీ కాగితంతో అద్దంలా రుద్ది, రబ్బరు రింగుకు కాస్త కూలెంట్ పూసి హీటరు దూర్చాడు. లోపలి కడ్డీ బ్లాకు గోడకు ఎక్కడా తగలకూడదట. తగిలితే ఆ చోటే మాడిపోతుంది. అటూ ఇటూ తిప్పి చూసి మధ్య మర బిగించాడు. కూలెంట్ నింపి, ఇంజన్ నడిపి, గాలిబుడగలన్నీ పోయాక, చుక్క కూడా కారడం లేదని వేలితో తడిమి చూసుకున్నాకే తీగ సంగతి. తీగను ఫ్యానుకు, సైలెన్సరు గొట్టానికి దూరంగా కట్టి ముందు జాలీలోంచి బయటికి తీశాడు. "నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా కరెంటు ఇవ్వకండి" అని రెండుసార్లు చెప్పాడు. కూలీ 900 తీసుకున్నాడు. రెండు హీటర్ ప్లగ్‌లు, బ్యాటరీ వేరే.

డీజిల్ గడ్డకడితే కూడా ఇది పనికొస్తుందా అని అడిగాను. రాదు. ఇది ఇంజన్‌నే వేడి చేస్తుంది, ట్యాంకును కాదు. మన చలికాలపు డీజిల్ ప్రమాణం ప్రకారం పోర్ పాయింట్, అంటే డీజిల్ ఇంకా పారగలిగే అతి తక్కువ ఉష్ణోగ్రత, 3 డిగ్రీలకు మించకూడదు. మైదానాల బండికి అది చాలు, లద్దాఖ్‌కు చాలదు. అందుకే 2019లో ఇండియన్ ఆయిల్ అక్కడికి మైనస్ 33 వరకు పారే డీజిల్ తెచ్చింది.

శనివారం రాత్రి సెమిలిగుడ లాడ్జికే తిరిగొచ్చాం. వాచ్‌మన్‌కు చెప్పి నాలుగు గంటలకు అలారం పెట్టుకుని లేచి ప్లగ్ పెట్టాను. రాత్రంతా ఉంచక్కర్లేదు, రెండు మూడు గంటలు చాలు. రెండు యూనిట్లు కూడా కాలదు. ఆరున్నరకు బయట 6 డిగ్రీలు. తాళం తిప్పగానే, ఎండలో నిలబడ్డ బండిలా, అర చుట్టులో లేచింది. పొగ లేదు. రెండు నిమిషాల్లో క్యాబిన్‌లోకి వెచ్చటి గాలి. నేను విజయగర్వంతో గదికి వెళితే మా ఆవిడ బకెట్ ముందు కూర్చుని ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కూ గీజరుకూ లైను ఒక్కటేనట, నాలుగున్నరకే గీజరు ట్రిప్ అయింది.

"ఇంజనుకు తలంటు అయిందా? మాకు చన్నీళ్లే" అంది.

ఆదివారం రాత్రి కొరాపుట్‌లో, జగన్నాథ ఆలయం ఉన్న కొండకు దగ్గరలో. గది మూడు చోట్లలోకీ బాగుంది, వేడినీళ్లు పొగలు కక్కాయి, కాఫీ ఇక్కడి తోటలదే. ప్లగ్ పాయింట్ మాత్రం మూడో అంతస్తు వరండాలో. మేనేజరు సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చిస్తానన్నాడు. రెండు పోగుల తీగ, ఎర్త్ లేదు. దండం పెట్టి వద్దన్నాను. సోమవారం పొద్దున 8 డిగ్రీల్లో హీటరు లేకుండానే తిప్పాను. ఒకటిన్నర చుట్టుకు స్టార్టయింది. మేస్త్రీ మార్చిన రెండు కడ్డీలు, కొత్త బ్యాటరీ చేసిన పని అది. ఆయన మాటే నిజం, ఒప్పుకుంటున్నాను. అయినా హీటరు విప్పించను, దేవ్‌మాలి మళ్లీ ఎక్కాలి.

దిగివస్తూ సాలూరులో టీ కొట్టు దగ్గర ఆగాం. ముందు జాలీలోంచి వేలాడుతున్న ప్లగ్‌ను కొట్టు కుర్రాడు వంగి చూశాడు.

"కరెంటు బండా సార్ ఇది?"

"డీజిలే."

"మరి ఈ వైరు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ కిటికీలోంచి చెప్పింది. "దానికి పొద్దున్నే వేడినీళ్లు కావాలి బాబూ. రెండు టీలు ఇవ్వు."