బాలి గరుత్మంతుడు: ఏ టికెట్టు కొనాలి, ఎప్పుడు వెళ్లాలి

బాలి వెళ్లే మనవాళ్లు చాలామంది ఉలువాటు గుడికి పోతూ దారిలో ఓ గంట, గరుడుడి మీద విష్ణువు కూర్చున్న పెద్ద విగ్రహం ఉన్న పార్కులో ఆగుతారు. ఆ గంట చాలదు. ఉంగసాన్‌లోని ఈ గరుడ విష్ణు కెంచన పార్కుకు (కెంచన అంటే మన కాంచనమే) కనీసం మూడు గంటలు పెట్టుకోవాలి. అదీ మధ్యాహ్నం మూడున్నర దాటాక. సున్నపురాయి కొండను తొలిచి చేసిన చోటు కాబట్టి ఎటు చూసినా తెల్లటి రాతి గోడలే. మిట్టమధ్యాహ్నం పైనుంచి ఎండ, పక్కనుంచి రాతి సెగ. పిల్లలూ పెద్దవాళ్లూ విగ్రహం దాకా చేరకముందే డీలా పడిపోతారు.

లోపలికి రాగానే పెద్ద విగ్రహం వైపు పరుగెత్తొద్దు. ముందు గరుడ ప్లాజాకు వెళ్లండి. 18 మీటర్ల గరుడుడి తల ఒక్కటే అక్కడ ఉంది. మన గుళ్లలో గరుత్మంతుడు మోకాలు మడిచి, చేతులు జోడించి ఉంటాడు. ఇక్కడున్నది వేటపక్షి. ఉబ్బిన కనుగుడ్లు, కిందికి వంగిన ముక్కు. దగ్గరికి వెళ్తే రేకుల అతుకులు కూడా కనిపిస్తాయి. నన్నయ ఆదిపర్వంలో ఒక గోట ఏనుగునూ మరో గోట తాబేలునూ పట్టుకుని ఎగిరిన పక్షి ఇదే కదా అనిపించేది ఈ ముఖం ముందే. పక్క ప్లాజాలో విష్ణువు ఉన్నాడు, చూసి ముందుకు సాగొచ్చు. లోటస్ పాండ్ పేరు విని చెరువు అనుకోకండి. నిలువునా కోసిన రాతి దిమ్మెల మధ్య పెద్ద మైదానం అది. విగ్రహం మొత్తం ఫొటోలో పట్టాలంటే ఇక్కడినుంచే తీయాలి. కాళ్ల దగ్గరికి వెళ్లాక మెడ నొప్పి తప్ప ఫ్రేములో ఏమీ పట్టదు.

అసలు విగ్రహం పీఠంతో కలిపి 121 మీటర్లు. అందులో పీఠం 46. శిల్పి న్యోమన్ నువార్తా. 1990లలో తలపెట్టిన పని ఆసియా ఆర్థిక సంక్షోభంతో ఆగిపోయింది. మళ్లీ 2013లో మొదలైంది, 2018 సెప్టెంబరులో విగ్రహానికి ప్రారంభోత్సవం జరిగింది. రాగి, ఇత్తడి రేకులతో 754 ముక్కలుగా జావా దీవిలోని బాండుంగ్‌లో చేసి, బాలికి తెచ్చి ఉక్కు చట్రానికి బిగించారు. సముద్రపు గాలి బలంగా కొట్టే కొండమీద అంతంత రెక్కలు చాపితే అవి తెరచాపలే. అందుకే విండ్ టన్నెల్‌లో (గాలిని బలంగా వీయించి చూసే సొరంగంలో) పరీక్షించాకే కట్టారు.

టికెట్లు రెండు రకాలు: పార్కు ప్రవేశం ఒకటి, విగ్రహం లోపల లిఫ్టులో పైకి వెళ్లడానికి అదనంగా మరొకటి. ధరలు మారుతుంటాయి, ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి. లక్షల్లో అంకెలు చూసి కంగారు పడొద్దు. లక్ష రుపియా అంటే మన డబ్బుల్లో ఐదారు వందలు. రెండో టికెట్టు చట్రం ఎలా నిలబెట్టారో చూడాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకే. లోపలికి వెళ్తే విగ్రహం కనిపించదు. కిందనుంచి తలెత్తి చూసినప్పుడున్న గుండెదడ పైన ఉండదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చని నా మాట.

పార్కులో ఆడే కెచక్ అనే బాలి నృత్యాన్ని మాత్రం వదలొద్దు. వాయిద్యం ఒక్కటీ ఉండదు, మగవాళ్ల గొంతులే తాళమూ సంగీతమూ. ఆ రోజు వేళ లోపలికి రాగానే కనుక్కుని, అరగంట ముందే వెళ్లి కూర్చోండి. వెనక వరుసల్లో ముందువాళ్ల ఫోన్లు తప్ప ఏమీ కనిపించవు.

శాకాహారులకు ఓ హెచ్చరిక. నాసి గోరెంగ్ (వాళ్ల ఫ్రైడ్ రైస్) 'వెజ్' అన్నా అందులో తెరాసి (పులిసిన రొయ్యల ముద్ద) పడే అవకాశం ఉంది. గుడ్డు సంగతి సరేసరి. 'తన్పా తెరాసి, తన్పా తెలూర్' అని చెప్పండి. తన్పా అంటే లేకుండా, తెలూర్ అంటే గుడ్డు.

తిరుగు ప్రయాణమే అసలు తలనొప్పి. ప్రదర్శన అవగానే అందరూ ఒక్కసారే బయటపడతారు, జింబరాన్ రోడ్డు కిక్కిరిసిపోతుంది. యాప్‌లో బుక్ చేసిన కారు ఆ వేళ దొరక్కపోవచ్చు. వచ్చేటప్పుడే డ్రైవరుతో పూటకు మాట్లాడుకుని, బండి ఎక్కడ ఆపాడో ఫొటో తీసి పెట్టుకోండి.