ముగ్గురం ఒకే బండిలో: రామోజీ ఫిల్మ్ సిటీలో నిదానం రైడ్లు

రామోజీ ఫిల్మ్ సిటీ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా బాహుబలి సెట్ గురించో, సాయంత్రం షోల గురించో రాస్తారు. నేను రాయాలనుకున్నది చాలామంది ఒక వాక్యంలో తేల్చేసే రెండింటి గురించి. ఒకటి ఎర్ర బస్సు టూరు, రెండోది ఫిల్మీ దునియా. రెండూ మెల్లగా కదిలేవే. కడుపులో తిప్పదు, కళ్ళు మూసుకోనక్కర్లేదు, చెప్పులు ఊడిపోతాయన్న భయం లేదు. డెబ్భై ఏడేళ్ళ మా అమ్మకీ, ఏడో తరగతి చదివే మా అమ్మాయికీ ఒకే చోట ఒకేసారి సంతోషం ఇచ్చినవి ఈ రెండే. ఇంట్లో పెద్దవాళ్ళనీ పిల్లల్నీ కలిపి ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్ళల్లో తెలుగే వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలో ఇంగ్లీషు. మా అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతుంది. పర్లాకిమిడిలో, రాయగడలో ఉన్న మా బంధువుల పిల్లలదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. మా వైపు పిల్లలకి తెలుగు వంటింట్లోంచి, టీవీలో వచ్చే సినిమాల్లోంచి అబ్బుతోంది. మా అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూసిన సినిమాలన్నీ సీన్లవారీగా చెప్పగలదు. మనవరాలికి ఆవిడ చెప్పే కథల్లో సగం పురాణాలు, సగం సినిమాలు. ఏది ఏదో పిల్లకి ఒక్కోసారి తెలియదు కూడా. ఘటోత్కచుడు అంటే దాని కళ్ళ ముందుకి వచ్చేది ఎస్వీ రంగారావే.

అందుకే పాత సినిమాని తలుచుకునే చోటు ఏదైనా ఉందంటే మాకు అది ఊరికే కాలక్షేపం అనిపించదు.

అంతకు ముందు ఒక వేసవిలో ఇంకో వినోద పార్కుకి వెళ్ళాం. పేరు ఎందుకులెండి. అక్కడ ఉన్నవన్నీ పైకి లేపి కింద పడేసేవి, తలకిందులుగా తిప్పేవి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కకూడదు, ఇంత ఎత్తు లేని పిల్లలు ఎక్కకూడదు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కకూడదు అని ప్రతి దాని ముందూ ఒక బోర్డు. ఆ బోర్డులు పెట్టడం తప్పు కాదు, పెట్టాల్సిందే. కానీ మా ఇంట్లో నలుగురం నాలుగు ముక్కలయ్యాం. మా అమ్మ రోజంతా అందరి బ్యాగులూ ఒళ్ళో పెట్టుకుని చెట్టు కింద కూర్చుంది. అడిగితే "నాకేం, గాలి బాగానే వస్తోంది" అంది. టికెట్టు మాత్రం ఆవిడకీ మాతో సమానంగానే కొన్నాం. ఆ సాయంత్రం నుంచీ నాకు ఆ బాధ పోలేదు. ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కగలిగింది ఒక్కటైనా ఉందా అన్నది చూశాకే ఇప్పుడు ఏ పార్కుకైనా టికెట్టు తీస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. విస్తీర్ణం 1,666 ఎకరాలు. అంత పెద్ద చోటు నడిచి చూడటం ఎవరి వల్లా కాదు, కాబట్టి ఎర్ర బస్సుల్లో తిప్పుతారు. పక్కలకి అద్దాలు లేని బస్సు. గైడ్ మైకు పట్టుకుని చెబుతుంటాడు. అది ప్రయాణ సౌకర్యం మాత్రమే అనుకుని ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు కనిపించారు. నా లెక్కలో అదే ఆ ఊళ్ళో పెద్ద రైడ్.

రైల్వే స్టేషన్ సెట్ దగ్గర బస్సు నెమ్మదించింది. ప్లాట్‌ఫారం, బెంచీలు, స్టేషన్ బోర్డు అన్నీ ఉన్నాయి. కథకి ఏ ఊరు కావాలంటే ఆ ఊరి పేరు బోర్డు మీదకి వస్తుందని గైడ్ చెప్పాడు. ముందు రాత్రంతా బరంపురం నుంచి సికింద్రాబాద్‌కి నిజం రైల్లో కూర్చుని వచ్చిన మా అమ్మాయికి అది మింగుడు పడలేదు.

"ఏటి మామ్మా, ఇక్కడికి రైలు రాదా?"

"రాదే. కానీ మన సినిమాల్లో ఎంతమంది ఇక్కడ ఏడుస్తూ వీడ్కోలు చెప్పుకున్నారో!"

ఆ తర్వాత ఒక భవనం వచ్చింది. ఒక వైపు నుంచి చూస్తే విమానాశ్రయం, ఇంకో వైపుకి తిరిగితే ఆసుపత్రి. బస్సు మలుపు తిరిగేటప్పుడు మా అమ్మ పైట సర్దుకుని, కమ్మీ పట్టుకుని బయటికి వంగి మరీ చూసింది. గోడ అంచు దగ్గర ఒక ముఖం అయిపోయి ఇంకో ముఖం మొదలయ్యే చోటు కనపడుతుంది. "ఒక్క గోడతో ఎన్ని కథలు నడిపారే" అంది. అక్కడ నుంచి మామ్మ చెబుతూనే ఉంది, పిల్ల అడుగుతూనే ఉంది. పాత రోజుల్లో అడవి కూడా స్టూడియోలోనే వేసేవారట, వెనక కొండలు గుడ్డ మీద గీసిన బొమ్మలట. ఆవిడ ఎప్పుడు ఎక్కడ విన్నదో గానీ అన్నీ సరైన మాటలే. బస్సు ఇంకాస్త జోరుగా వెళ్ళి ఉంటే ఈ మాటల్లో ఒక్కటి కూడా పుట్టేది కాదు.

ఫిల్మీ దునియా మూవీ మ్యాజిక్ భాగంలో ఉంది. చీకటి హాలు, పట్టాల మీద మెల్లగా వెళ్ళే బండి, రెండు పక్కలా బొమ్మలతో, రంగు దీపాలతో కట్టిన సినిమా లోకం. ఇలాంటి రైడ్లలో పనితనం అంతా మలుపుల్లో ఉంటుంది. ఒక సెట్ పూర్తిగా కనుమరుగయ్యాకే రెండోది కనపడాలి, ఒకదాని పాట ఇంకోదాని మీద పడకూడదు. అందుకే చీకటి, అందుకే వంకర దారి. ప్రతి మలుపు దగ్గరా మా అమ్మ మనవరాలి మణికట్టు పట్టుకుని "అదుగో చూడు, చూడు" అనడం నాకు వెనక సీట్లోకి వినిపిస్తూనే ఉంది. బొమ్మలు నిజం మనుషుల్లా ఉంటాయని నేను చెప్పను. పిల్లలకి బొమ్మలని తెలుసు, పెద్దలకీ తెలుసు. తోలుబొమ్మలాటలో తోలు కనపడుతున్నా రాముడు రాముడే అయినట్టు, ఇక్కడా అంతే. దిగగానే మా అమ్మ అడిగిన మొదటి మాట "మళ్ళీ ఎక్కనిస్తారా?" అని.

పక్కనే యాక్షన్ స్టూడియో. అది రైడ్ కాదు గానీ వదలకండి. 1975 నాటి షోలేలో బసంతి టాంగా తోలే సీన్ తీసుకుని సినిమా ఎలా తయారవుతుందో చూపిస్తారు. ప్రేక్షకుల్లోంచి ఒక అమ్మాయిని పిలిచి బసంతిగా కూర్చోబెడతారు. మేం వెళ్ళినప్పుడు కొత్తగా పెళ్ళయిన ఒకావిడ వెళ్ళింది. బండి కదలదు, గుర్రం ఉండదు, ఆవిడ మాత్రం కొరడా ఝళిపించాలి. తర్వాత శబ్దాలు చేర్చడం, చివరికి అన్నీ కలిపి తెర మీద చూపించడం. తెర మీద ఆ టాంగా పరుగెడుతుంటే హాలంతా చప్పట్లు. మా అమ్మాయి ఇంటికొచ్చాక కూడా ఏ సినిమా చూసినా "ఈ చప్పుడు దేంతో చేసుంటారు?" అని అడుగుతోంది. ఇంతకంటే మంచి పాఠం నేను డబ్బు పెట్టి కొనలేను.

ఇలాంటి నిదానపు రైడ్లకి ప్రపంచంలో ఒక వంశం ఉంది, ఆ వంశం తరిగిపోతోందన్నదే నా దిగులు. అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో ది గ్రేట్ మూవీ రైడ్ అని ఒకటి ఉండేది. 1989 మే 1న ఆ పార్కుతో పాటే మొదలైంది. హాలీవుడ్‌లోని ప్రసిద్ధ చైనీస్ థియేటర్‌కి నకలుగా కట్టిన భవనం. లోపల ఇరవై నిమిషాలకు పైగా సాగే ప్రయాణం. సింగిన్ ఇన్ ద రెయిన్ సినిమాలోలా వానలో గొడుగు పట్టుకుని దీపస్తంభం మీద వేలాడే నటుడు జీన్ కెల్లీ, కాసాబ్లాంకా సినిమాలో విమానం దగ్గర వీడ్కోలు, విజర్డ్ ఆఫ్ ఓజ్ ఊరు, అన్నీ కదిలే బొమ్మలతో. బండిలో మనతో పాటు ఒక మనిషి ఉండి కథ నడిపించేవాడు. చివర్లో పెద్ద తెర మీద ఎన్నెన్నో సినిమాల తునకలు. 2017 ఆగస్టు 13న దాన్ని మూసేశారు. అదే భవనంలో 2020 మార్చిలో మిక్కీ మౌస్ రైడ్ తెరిచారు. మొదటి నుంచి చివరి దాకా జనం తీసిపెట్టుకున్న వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, మేం ఇంట్లో టీవీలో పెట్టుకుని చూశాం. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ జీన్ కెల్లీ దగ్గర "ఆపు, ఇంకోసారి పెట్టు" అంది.

ఇలాంటివి మూసేటప్పుడు వినిపించే వాదన ఒకటుంది. ఈ కాలం పిల్లలకి ఆ సినిమాలు తెలియవు కదా, ఎవరు ఎక్కుతారు అని. నాకు ఈ వాదన అస్సలు నచ్చదు. తెలియదు కాబట్టే కదా ఎక్కించాలి! మా అమ్మాయి మాయాబజార్ చూసి మామ్మ దగ్గరికి వెళ్ళలేదు, మామ్మ చెప్పగా విని మాయాబజార్ చూసింది. తెలియని దాన్ని తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని చూడటానికే ఈ బండి.

అదే ఫ్లోరిడాలో యూనివర్సల్ స్టూడియోస్‌లో, వేరే గ్రహం నుంచి వచ్చిన జీవి కథ ఈ.టి. సినిమా మీద కట్టిన రైడ్ మాత్రం 1990 జూన్ నుంచి ఇప్పటికీ నడుస్తోంది. సైకిళ్ళ మీద కూర్చుంటే చెట్ల పైనుంచి, ఊరి దీపాల పైనుంచి తేలుతూ వెళ్ళినట్టు ఉంటుంది. ఎక్కే ముందు మన పేరు అడిగి రాసుకుంటారు. చివర్లో ఈ.టి. ఆ పేర్లు పలుకుతూ వీడ్కోలు చెబుతుంది. ఎంత చక్కటి ఆలోచన! ఇదే రైడ్ హాలీవుడ్‌లోనూ జపాన్‌లోనూ ఉండేది. 2003లో ఒకటి, 2009లో ఒకటి మూతపడ్డాయి. మిగిలింది ఇదొక్కటే. దాన్నైనా కాపాడుకోవాలి.

మన దగ్గర ఇలాంటిది కట్టాలంటే నా ఓటు మాయాబజార్‌కే. 1957లో కె.వి.రెడ్డి గారు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ కలిసి చూపించిన మాయలు రైడ్ కోసమే పుట్టినట్టు ఉంటాయి. ద్వారకా నగరాన్ని యాభై అడుగులకు అరవై అడుగుల స్థలంలో సుమారు 300 చిన్న చిన్న ఇళ్ళతో బొమ్మ ఊరుగా కట్టారని అంటారు. ఆ బొమ్మ ద్వారక మీదుగానే బండి మొదలవ్వాలి. తర్వాత వెన్నెల్లో పడవ. తర్వాత ప్రియదర్శిని పెట్టె. ఎవరు తెరిస్తే వాళ్ళకి ఇష్టమైనవాళ్ళు కనిపించే పెట్టె అది, ఎక్కే ముందు తీసిన ఫోటోతో ఆ పని సులువుగా చేయొచ్చు. బండి మెల్లగా వెళ్తుంటే మా అమ్మ పెట్టె తెరిచి అందులో మనవరాలిని చూడాలి. చివరికి వివాహ భోజనం, లడ్డూలు వాటంతట అవే గాల్లో లేచి రంగారావు నోట్లోకి వెళ్ళాలి. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, ఓపికగా చేసే పనివాళ్ళు ఉంటే చాలు. చెప్పే గొంతు మాత్రం తెలుగులో ఉండాలి. మా పక్కింటి ఒడియా మాస్టారు ఈ మాట విని, 1936లో వచ్చిన తొలి ఒడియా సినిమా సీతా బిబాహకి కూడా అలాంటి బండి ఒకటి కట్టాలన్నారు. తప్పకుండా కట్టాలి. మా ఊళ్ళో కడితే రెండూ పక్కపక్కనే ఉండాలి.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. మా వైపు నుంచి రాత్రి రైలు ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగి ఎల్బీ నగర్ మీదుగా విజయవాడ హైవే పట్టుకోవాలి. దిగిన రోజే పరుగులు పెట్టకండి, ఒక రాత్రి పెద్దవాళ్ళని పడుకోనిచ్చి మర్నాడు ఉదయాన్నే వెళ్ళండి. ఎర్ర బస్సులో వాళ్ళని అంచున కూర్చోబెట్టండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, మీరు వెనక సీటుకి వెళ్ళిపోండి. ఎండ ముదిరాక మూవీ మ్యాజిక్‌కి వెళ్తే నీడలో ఉంటారు. అన్నీ చూసేయాలని పట్టుబడితే ఏదీ చూసినట్టుండదు. తోటల్లో కొన్ని వదిలేసినా నష్టం లేదు. ఫిల్మీ దునియాలో జనం తక్కువగా ఉంటే రెండోసారి ఎక్కించండి, మొదటిసారి ఎడమ పక్క చూసినవాళ్ళు ఈసారి కుడి పక్క చూస్తారు.